గళ్ళ కాగితం మీద గణితం: స్టానిస్లావ్ ఉలాం జీవితం

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా సావనీరుకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. బడి జ్ఞాపకాలు రాయడానికి నాకంటే బాగా రాసేవాళ్ళు మన బ్యాచ్‌లోనే చాలామంది ఉన్నారు. అందుకని తొమ్మిదో తరగతిలో నాలో పడ్డ ఒక ప్రశ్న గురించీ, ఆ ప్రశ్నతో ఆడుకున్న ఒక పెద్ద మనిషి గురించీ రాస్తున్నాను. ఆయన పేరు స్టానిస్లావ్ ఉలాం. మన ఊరికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. ఆయన 1984 మే 13న కన్నుమూశారు. అప్పుడు నేను తొమ్మిది పూర్తయి వేసవి సెలవుల్లో మామిడి తోటల వెంట తిరుగుతున్నాను. ఆయన పేరే వినలేదు.

ఆ ఏడాది మన లెక్కల మాస్టారు బోర్డు మీద 1 నుంచి 100 దాకా రాసి, రెండు గుణిజాలు, మూడు గుణిజాలు, అయిదు, ఏడు గుణిజాలు వరసగా కొట్టేయించి, జల్లెడ పట్టగా మిగిలినవే ప్రధాన సంఖ్యలని చూపించారు. 2, 3, 5, 7, 11, 13 ఇలా 25 మిగిలాయి. తర్వాతది ఎప్పుడు వస్తుందో చెప్పడానికి ఏదైనా సూత్రం ఉందా అని నేను లేచి అడిగాను. మాస్టారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, అంత తేలికైన సూత్రం తనకు తెలియదనీ, తనకే కాదు, లోకంలో పెద్ద పెద్ద గణితవేత్తలకూ దొరకలేదనీ చెప్పారు. ఒక మాస్టారు తరగతి మధ్యలో నిలబడి తనకు తెలియదని చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన మొహంలో చిన్నతనం ఏమీ కనబడలేదు. పైగా, పిల్లలకు మంచి వార్త ఏదో చెప్పినట్టు నవ్వారు.

తర్వాత నేను ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాను, విద్యుత్తు రంగంలో ఉద్యోగంలో చేరాను. కాలేజీ లైబ్రరీలో ఒకసారి ఒక బొమ్మ చూశాను. నల్లటి చదరం మీద తెల్లటి చుక్కలు, ఆ చుక్కల్లో వాలుగా పోతున్న గీతలు. చుక్కలన్నీ ప్రధాన సంఖ్యలే అని కింద రాసి ఉంది. మాస్టారి ప్రశ్నను ఎవరో బొమ్మగా గీసినట్టు అనిపించింది. గీసిన మనిషి ఎవరా అని వెతుక్కుంటూ వెళితే ఉలాం జీవితం దొరికింది.

ఆయన 1909 ఏప్రిల్ 13న ల్వూవ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, తర్వాత పోలండ్‌లోకి వచ్చింది, ఇప్పుడు ల్వివ్ అనే పేరుతో ఉక్రెయిన్‌లో ఉంది. తండ్రి లాయరు. నాలుగేళ్ళప్పుడు ఇంట్లో తివాచీ మీద ఎగురుతూ దాని అల్లికలోని గళ్ళూ మెలికలూ చూస్తుంటే తండ్రి పక్కన నిలబడి నవ్వారట. ఆ అల్లికలో ఏదో విచిత్రం ఉందనీ, అది నాన్నకు తెలియదనీ, తనకు మాత్రం తెలుసనీ ఆ పసివాడికి అనిపించింది. పెద్దయ్యాక రాసుకున్న ఆత్మకథలో ఆయనే ఈ సంగతి గుర్తు చేసుకున్నారు.

1927లో ల్వూవ్ పాలిటెక్నిక్‌లో చేరేనాటికి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో సీట్లు నిండిపోయాయి. అందుకని జనరల్ స్టడీస్ విభాగంలో చేరారు. మా విభాగంలో సీటు దొరకక గణితంలోకి వెళ్ళి గొప్పవాడయ్యారని మా ఆఫీసులో చెప్పి నవ్విస్తుంటాను. కురతోవ్‌స్కీ అనే ఆచార్యుడి సమితుల పాఠాలకు మొదటి ఏడాదే అతుక్కుపోయారు. ఇరవై ఏళ్ళకే, 1929లో, మొదటి పరిశోధన వ్యాసం అచ్చయింది. 1933లో డాక్టరేట్ వచ్చింది.

ఆ ఊళ్ళో గణితం ఎక్కువగా నడిచింది ఒక కాఫీ హోటల్లో. దాని పేరు స్కాటిష్ కేఫ్. స్టెఫాన్ బనాక్, మజూర్, ఉలాం అక్కడ పాలరాతి బల్లల చుట్టూ కూర్చుని, బల్ల మీదే పెన్సిలుతో లెక్కలు రాసేవారు. ఒకసారి ఆ కూర్చోవడం పదిహేడు గంటలు సాగింది, లేచింది భోజనానికే. ఎంత కష్టపడి తేల్చినా బల్ల తుడిచేవాళ్ళు తుడిచేస్తే పోయేది. అందుకని 1935లో బనాక్ భార్య ఒక లావుపాటి నోటుపుస్తకం కొనిచ్చారు. దాన్ని హోటల్‌వాళ్ళే దాచి, వీళ్ళు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చేవారు. అందులో తేలని ప్రశ్నలు రాసేవారు. కొన్నిటికి బహుమతి కూడా ప్రకటించేవారు: కాఫీ, బీరు, ఒక పూట భోజనం. 1936లో మజూర్ ఒక ప్రశ్న రాసి, పరిష్కరించినవారికి బతికి ఉన్న బాతు ఇస్తానన్నారు. 36 ఏళ్ళు గడిచాక స్వీడన్‌కు చెందిన పెర్ ఎన్‌ఫ్లో ఆ ప్రశ్నకు జవాబు కనిపెట్టారు. ముసలివారైన మజూర్ 1972లో వార్సాలో మాట నిలబెట్టుకుని బాతును చేతికిచ్చారు. ఆ పుస్తకంలో మొత్తం 193 ప్రశ్నలున్నాయి. చాలా ప్రశ్నల కింద ఉలాం పేరుంది.

జాన్ వాన్ న్యూమన్ పిలుపు మీద ఉలాం 1935లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ వెళ్ళారు. మరుసటి ఏడు హార్వర్డ్‌లో చేరారు. ఏటా వేసవికి ఇంటికి వచ్చి వెళ్ళేవారు. 1939 ఆగస్టులో తిరుగు ప్రయాణమప్పుడు పదిహేడేళ్ళ తమ్ముడు ఆడం‌ను చదువుకని వెంట తీసుకెళ్ళారు. గ్దీనియా రేవులో తండ్రీ, బాబాయీ వచ్చి ఓడ ఎక్కించారు. కొద్ది రోజులకే న్యూయార్క్ హోటల్లో ఉండగా రాత్రివేళ ఒక స్నేహితుడి ఫోన్ వచ్చింది. వార్సా మీద బాంబులు పడుతున్నాయని కబురు. తమ్ముడు పక్కన నిద్రపోతున్నాడు. తల్లి అంతకు ముందు ఏడాదే పోయారు. తండ్రినీ చెల్లెలినీ నాజీల మారణకాండ మింగేసింది. రేవులో చెయ్యి ఊపడమే కడసారి చూపు. హోటల్లోని నోటుపుస్తకం మాత్రం యుద్ధాన్ని దాటి బతికింది. దాని నకలు అమెరికాలో ఉన్న ఉలాంకు చేరితే, ఆయన దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1957లో ప్రతులు తీయించి తెలిసినవాళ్ళకు పంచారు. పోయిన ఊరికి ఆయన కట్టుకున్న గుడి అదేనని నాకు అనిపిస్తుంది.

1941లో ఫ్రాన్స్వాజ్‌తో పెళ్ళయింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతుండగా తోటి ఆచార్యులు ఒక్కొక్కరే చెప్పకుండా మాయమవుతున్నారు. తనకూ ఒక రహస్యమైన పని ఉందని కబురు వచ్చింది, చోటు న్యూ మెక్సికో అని మాత్రమే తెలిసింది. లైబ్రరీకి వెళ్ళి ఆ రాష్ట్రం గురించిన పుస్తకం తీస్తే, అంతకు ముందు దాన్ని తీసుకున్నవారి జాబితాలో మాయమైన స్నేహితుల పేర్లన్నీ ఉన్నాయి! అలా 1944 మొదట్లో లాస్ అలమోస్ చేరారు. అణుబాంబు తయారవుతున్న చోటది.

యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగంలో చేరారు. 1946 జనవరిలో మెదడు వాపు వచ్చింది. ఉన్నట్టుండి మాట తడబడింది, తలనొప్పి భరించలేకపోయారు. పుర్రెకు రంధ్రం చేసి అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. బతికారు గానీ, గణితవేత్తకు అసలు భయం ఆ తర్వాతే మొదలైంది. మెదడు మునుపటిలా పని చేస్తుందా లేదా? కొన్నాళ్ళకు సర్జన్ వచ్చి 13కు 8 కలిపితే ఎంత అని అడిగారు. ఇలాంటి ప్రశ్న తనను అడుగుతున్నారే అన్న సిగ్గుతో ఉలాం తల అడ్డంగా ఊపి ఊరుకున్నారు. అయితే 20కి వర్గమూలం ఎంతని డాక్టరు అడిగారు. దాదాపు 4.4 అని ఉలాం జవాబిచ్చారు. డాక్టరు ఏమీ మాట్లాడలేదు. కాదా అని ఉలాం కంగారుగా అడిగితే, తనకు తెలియదని చెప్పి డాక్టరు పెద్దగా నవ్వారు. ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మన మాస్టారే గుర్తొస్తారు. తెలియదన్న మాట ఒక మనిషికి ఎంత ధైర్యం ఇస్తుందో!

ఆస్పత్రి నుంచి వస్తున్నప్పుడు పాల్ ఎర్డోష్ తోడు వచ్చి, ఏమీ జరగనట్టే దారిలో గణితం మాట్లాడారు. తర్వాత చదరంగం ఆడితే ఉలాం గెలిచారు. స్నేహితుడు కావాలనే ఓడిపోలేదని నమ్మకం కుదిరాక మనసు కుదుటపడింది.

మెదడుకు శ్రమ ఇవ్వొద్దన్నారని ఇంట్లో ఒక్కరే కూర్చుని పేకాడేవారు. కాన్‌ఫీల్డ్ అనే ఒంటరి ఆట అది. 52 ముక్కలు కలిపి పంచితే ఆట పూర్తయ్యే అవకాశం ఎంత అని లెక్క కట్టబోయారు. సూత్రాలతో తెమిలేలా లేదు. అయితే వందసార్లు పంచి, ఎన్నిసార్లు పూర్తయిందో లెక్కపెట్టుకుంటే సరిపోదా అని తోచింది. చేత్తో కష్టమే గానీ, అప్పుడే కొత్తగా వస్తున్న కంప్యూటర్లు ఆ పంపకం ఎన్నిసార్లయినా చేస్తాయి. న్యూట్రాన్లు పదార్థంలో ఎటు పోతాయన్న లెక్కకూ ఇదే దారి పనికొస్తుందని వాన్ న్యూమన్‌కు చెప్పారు. ఇద్దరూ కలిసి దాన్ని పద్ధతిగా మలిచారు. జూదానికి వెళ్ళాలంటూ చుట్టాల దగ్గర అప్పు చేసే ఉలాం బాబాయి ఒకాయన ఉండేవారు. ఆయన్ను తలుచుకుని నికొలస్ మెట్రోపొలిస్ దీనికి మాంటీ కార్లో అని పేరు పెట్టారు. 1949లో మెట్రోపొలిస్, ఉలాం ఆ పేరుతోనే వ్యాసం అచ్చు వేయించారు.

నా ఉద్యోగానికి అన్నం పెట్టిన పద్ధతుల్లో ఇదొకటి. ఏ జనరేటరు ఎప్పుడు ఆగుతుందో, ఏ లైను ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేరు. కంప్యూటర్లో వేల ఊహా సంవత్సరాలు నడిపించి, ఎన్ని గంటలు కరెంటు చాలకపోయిందో లెక్కపెడతాం. పేకముక్కలు పంచినట్టే.

గత ఏడాది మన బడికి వెళ్ళి పదో తరగతి పిల్లలకు ఈ కథ ఇంతవరకు చెప్పాక, ముందు బెంచీలోని ఒక అమ్మాయి లేచి, ఆయన బాంబు చేశారా అని అడిగింది. ఆ భాగం దాటేద్దామని నేను అనుకుంటూనే ఉన్నాను. దాటలేకపోయాను. అవును, చేశారు. ఉలాం 1946లోనే లాస్ అలమోస్‌కు తిరిగి వెళ్ళారు. ఎడ్వర్డ్ టెల్లర్ మొదట ప్రతిపాదించిన హైడ్రోజన్ బాంబు పని చేయదని ఎవరెట్ అనే సహచరుడితో కలిసి చేతి లెక్కలతో తేల్చారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 1951లో పని చేసే ఉపాయం కూడా ఆయనకే తట్టింది. టెల్లర్ దాన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్ళారు, ఇద్దరి పేరా నివేదిక వెళ్ళింది. 1952 నవంబరు 1న పసిఫిక్ సముద్రంలో జరిపిన పరీక్షలో ఎలూగెలాబ్ అనే దీవి పూర్తిగా మాయమైంది. హిరోషిమా బాంబుకు దాదాపు 700 రెట్లు శక్తి. లెక్క సరిగ్గా చేయడం ఒకటి, ఆ లెక్క ఎక్కడికి దారి తీస్తుందో అడగడం ఇంకొకటి. ఇంట్లోవాళ్ళను మారణహోమంలో పోగొట్టుకున్న మనిషి చేతుల మీదుగా ఇది జరిగిందన్నది నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. ఆ అమ్మాయికి ఇంతే చెప్పాను. ఇంజినీరైనవాడు రెండో ప్రశ్న కూడా అడగాలని నాకు నేను చెప్పుకున్నాను.

ఇక నేను కాలేజీలో చూసిన బొమ్మ సంగతి. 1963లో ఉలాం ఒక సమావేశంలో కూర్చున్నారు. ఎవరో సుదీర్ఘంగా ప్రసంగిస్తున్నారు, విసుగు పుడుతోంది. చదరంగం ఎత్తులు వేసుకుందామని కాగితం మీద నిలువు, అడ్డ గీతలు గీశారు. మళ్ళీ మనసు మారి గళ్ళలో అంకెలు వేయడం మొదలుపెట్టారు. మధ్య గడిలో 1, దాని కుడివైపు 2, పైన 3, అక్కడి నుంచి ఎడమకు 4, 5, కిందికి 6, 7, కుడికి 8, 9, 10. దోమలబత్తి చుట్టినట్టు బయటికి తిరుగుతూ పోవడమే. తర్వాత ప్రధాన సంఖ్యల చుట్టూ సున్నాలు చుట్టారు. అవి చెల్లాచెదురుగా పడతాయనుకుంటే, మూలవాటు గీతల మీద బారులు తీరడం మొదలెట్టాయి.

ఇది చదువుతున్నవారు గళ్ళ నోటుపుస్తకం తీసి వేసి చూడండి. 7 నుంచి మూలవాటుగా కుడి కిందికి దిగితే 23, 47, 79 వస్తాయి. నాలుగూ ప్రధాన సంఖ్యలే. తేడాలు 16, 24, 32, అంటే తేడా ఎనిమిదేసి పెరుగుతోంది. తర్వాతది 119. అది 7, 17ల లబ్ధం, గీత తెగింది అనుకుంటాం. కానీ వెంటనే 167, 223 మళ్ళీ ప్రధాన సంఖ్యలు. 287 కాదు. 359, 439 అవును. ఇలా తెగుతూ అతుక్కుంటూ పోతుంది.

మూలవాటుగా పోతే గడుల్లో సరి సంఖ్యలన్నీ ఒక గీతలో, బేసి సంఖ్యలన్నీ ఒక గీతలో పడతాయి. 2 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ బేసివే కాబట్టి, అవి వాలుగా కనబడటంలో సగం వింత అక్కడే తీరిపోతుంది. మిగిలిన సగం తీరదు. బేసి గీతల్లోనే కొన్ని కిక్కిరిసి ఉంటాయి, కొన్ని వెలవెలబోతాయి. ఎందుకంటే ఒక్కో గీతా ఒక్కో వర్గ సమాసం. ఇలాంటివాటిలో పేరుమోసినదాన్ని ఆయిలర్ 1772లోనే ప్రకటించారు. మధ్య గడిలో 1 బదులు 41 వేసి మొదలుపెడితే 41, 43, 47, 53, 61 అంటూ తేడా రెండేసి పెరిగే ఆ వరస, మధ్య నుంచి రెండు వైపులా పోయే ఒకే మూలవాటు గీత మీద పడుతుంది. 1601 దాకా వరసగా 40 ప్రధాన సంఖ్యలు! ఆ తర్వాత 1681, అంటే 41ని 41తో గుణించినది, వచ్చి గీతను తెంపుతుంది. ఏ గీత ఎంత దట్టంగా ఉండాలో హార్డీ, లిటిల్‌వుడ్ 1923లో ఒక అంచనా ఇచ్చారు. లెక్కలు దానికి సరిపోతున్నాయి, రుజువు మాత్రం లేదు. ఇలాంటి ఒక్క గీత మీదైనా ప్రధాన సంఖ్యలు అంతులేకుండా వస్తాయని ఇవాళ్టికీ ఎవరూ నిరూపించలేదు.

ఉలాం ఆ కాగితాన్ని ప్రయోగశాలకు తెచ్చి మైరన్ స్టైన్, మార్క్ వెల్స్‌లకు చూపించారు. అక్కడి మేనియాక్ కంప్యూటరు టేపు మీద తొమ్మిది కోట్ల ప్రధాన సంఖ్యలు నిల్వ ఉన్నాయి. 65,000 దాకా సంఖ్యలను చుట్టి తెర మీద చూపిస్తే, గీతలు అంచుల దాకా కనబడ్డాయి. 1964 మార్చిలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ దాని గురించి రాశారు, ముఖచిత్రం కూడా అదే.

మా ఎలక్ట్రికల్ వాళ్ళకు గర్వంగా ఉండే సంగతి ఒకటుంది. శాన్ డియాగో విద్యుత్ కంపెనీలో ఇంజినీరుగా చేసిన లారెన్స్ క్లాబర్, గిలకపాముల మీద పరిశోధనకు పేరుపడ్డ మనిషి, 1932లోనే సంఖ్యలను త్రిభుజంగా పేర్చి, ప్రధాన సంఖ్యలు ఇలాగే బారులు తీరుతున్నాయని ఒక గణిత సభలో చూపించారు. అప్పుడు కంప్యూటరు తెర లేదు, చూసినవాళ్ళూ తక్కువే.

ఉలాం తర్వాత కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 1976లో ఆత్మకథ వెలువడింది. శాంతా ఫేలో గుండెపోటుతో, 75 ఏళ్ళ వయసులో పోయారు. సమాధి భార్య పుట్టిన దేశంలో, పారిస్‌లో ఉంది. పుట్టిన ఊరు అప్పటికి సోవియట్ యూనియన్‌లో ఉంది.

మన బ్యాచ్ తరఫున బడి లైబ్రరీకి ఈ ఏడు ఒక లావుపాటి గళ్ళ నోటుపుస్తకం ఇస్తున్నాం. అట్ట గట్టిగా వేయించాం. జవాబు తెలియని ప్రశ్న ఎవరైనా అందులో రాయవచ్చు, పిల్లలైనా మాస్టార్లయినా. బహుమతి ఏమిటో కూడా రాయాలి. మొదటి పేజీలో నేను తొమ్మిదో తరగతిలో అడిగిన ప్రశ్నే రాశాను. దాని కింద 7, 23, 47, 79 గీత గీసి, ఇది అంతులేకుండా సాగుతుందని రుజువు చేసినవారికి ఒక నాటుకోడి పుంజు అని రాసి సంతకం పెట్టాను. రెండో పేజీలో ఆ అమ్మాయి ప్రశ్న ఉంది, ఆమె చేతి రాతతోనే. ఇంత తెలివి ఉన్న మనిషి ఆ పని ఎందుకు చేశాడు అని. బహుమతి ఏమీ రాయలేదు. మన మాస్టారు ఇప్పుడు లేరు. ఉండి ఉంటే ఆ పేజీ దగ్గర కళ్ళజోడు తీసి, తనకు తెలియదని చెప్పేవారని నా నమ్మకం.